తగ్గించి పెట్టిన అంకెలు

కీమో తీసుకునేవాళ్ళు రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్‌లో ఏడు ప్రశ్నలకు జవాబు పెట్టాలి. నొప్పి ఎంత, వాంతులు ఎంత, నీరసం ఎంత, ఊపిరి అందడం ఎంత కష్టంగా ఉంది, అలాంటివి. సున్నా అంటే అసలు లేదని, పది అంటే భరించలేనని. ఆ అంకెల్నీ రక్తపరీక్షల్నీ కలిపి చూసి, రాబోయే నాలుగైదు రోజుల్లో ఎవరి పరిస్థితి విషమించేలా ఉందో ముందే అంచనా వేసే టూల్ ఒకటి మా బృందం తయారుచేసింది. పొద్దున నర్సు డ్యూటీకి వచ్చేసరికి ఆవిడ కంప్యూటర్లో ఒక జాబితా ఉంటుంది. అందులో పైన ఉన్నవాళ్ళకు ఆవిడ ఫోన్ చేస్తుంది. అవసరమనుకుంటే ఆసుపత్రికి రమ్మంటుంది.

ఆ బృందంలో నా వంతు పని, వచ్చిన అంకెలు నమ్మదగినవేనా అని చూడటం. డబ్లిన్ పక్కనున్న నేస్ ఊళ్ళో ఇల్లు, డబ్లిన్‌లో ఆఫీసు. రెడ్ కౌ స్టాపు దగ్గర కారు ఆపి లువాస్ ట్రామ్ ఎక్కేవాణ్ణి. దారి పొడుగునా ల్యాప్‌టాప్‌లో అంకెలే చూసేవాణ్ణి. నాకు వాటితో ఒకటే గొడవ. ఈ ఐర్లండ్ జనం ఏమడిగినా గ్రాండ్, అంటే బాగానే ఉన్నాం, అంటారు. కాలు విరిగినా గ్రాండే. కడుపులో కత్తి దిగినా గ్రాండే. ముందురోజు రెండు పెట్టిన పెద్దాయన మర్నాడు అంబులెన్సులో వచ్చేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి మీటింగులో గట్టిగానే అనేశాను, మనుషులు నిజం చెప్పకపోతే ఏ మెషీనూ ఎవర్నీ కాపాడలేదని. లెటర్‌కెన్నీ ఊరి నుంచి వచ్చిన సహోద్యోగిని ఒకామె నవ్వి, "మా నాన్నయితే స్పృహ తప్పి పడున్నా రెండే పెడతాడు" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అప్పట్లో నాకు చాలా పొగరు ఉండేది.

ఆ ఏడాది ఆగస్టులో మా ఆవిడకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది. సెప్టెంబరులో కీమో మొదలైంది. మా టూల్ వాడే ఆసుపత్రిలోనే. నేను మా మేనేజరుకు చెప్పాను. మా ఆవిడ వివరాలు నేను చూడనని సంతకం పెట్టించుకుని, నన్ను వేరే పనికి మార్చారు. అది సబబే.

మా ఆవిడది కరీంనగర్. నాది భీమవరం దగ్గర. హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ పెళ్ళి చేసుకున్నాం. తను సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఎవరు ఏం తయారుచేసినా అందులో తప్పెక్కడుందో వెతికే స్వభావం. మొదటిరోజు ఫోన్‌లో యాప్ వేసి ఇస్తే, అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ ప్రశ్నలు రాసినోడికి ఎన్నడన్న కడుపు నొచ్చిందా?" అంది.

"నేనూ ఉన్నాను అందులో."

"గందుకే అడుగుతున్న." తర్వాత కాసేపటికి, "ఇగ నీ మిషిన్ల నేను గూడ ఒక నంబరునైన" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు వరకు మాకు నవ్వడం వచ్చు.

తనకిచ్చే మందుతో ఒక ఇబ్బంది ఉంది. చల్లగా ఉన్నదేది ముట్టుకున్నా వేళ్ళకు కరెంటు కొట్టినట్టవుతుంది. ఫ్రిజ్ తెరవకూడదు, కుళాయిలో చల్లనీళ్ళు ముట్టుకోకూడదు, బయటికి వెళ్తే గొంతుకు కూడా స్కార్ఫ్ చుట్టుకోవాలి. సెప్టెంబరు చివరికల్లా ఫోన్ అద్దం కూడా తన వేళ్ళకు చల్లగా తగలడం మొదలైంది. "నువ్వే పెట్టు, నేను చెప్త" అంది. అలా ఆ ఫోన్ నా చేతికి వచ్చింది.

మొదట్లో తను చెప్పింది చెప్పినట్టే పెట్టాను. నాలుగంటే నాలుగు. ఒక సాయంత్రం పొద్దుటి నుంచి ఏదీ నిలవడం లేదని, వాంతులకు ఎనిమిది పెట్టమంది. పెట్టాను. అలా పెట్టిన అరగంటకే ఇంకా ఎక్కువయ్యాయి. మర్నాడు పొద్దున్నే నర్సు ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో మంచం, చేతికి సెలైన్. నాలుగు రోజులు ఉంచుకుని పంపారు. టూల్ చేయాల్సిన పని సరిగ్గా చేసింది. ఆ ఎనిమిది పెట్టకపోతే ఏమయ్యేదో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

కానీ ఆ నాలుగు రోజులూ మంచం పక్కన కూర్చుని నేను ఆలోచించింది అది కాదు. నా వేలితో ఎనిమిది నొక్కాను, అది నిజమైంది అని.

చిన్నప్పుడు బడికి వెళ్ళడం ఇష్టంలేక, జ్వరమొస్తే బాగుండునని ఓ సాయంత్రం వాకిట్లో నిలబడి అన్నాను. మా అమ్మ పరుగున వచ్చి నోటి మీద ఒక్కటిచ్చింది. సంధ్యవేళ తథాస్తు దేవతలు ఆకాశంలో తిరుగుతుంటారు, మన నోట్లోంచి ఏ మాట వస్తే దానికి తథాస్తు అనేసి పోతారు అంది. మా ఇంట్లో ఎవరూ ఆ వేళప్పుడు చెడ్డమాట అనేవారు కాదు. చక్కెర అయిపోయిందని కూడా అనేవారు కాదు, నిండుకుంది అనేవారు. నేను ఇంజినీరింగ్ చదివాను. లెక్కల మీద బతుకుతున్నాను. రెండు విషయాలు ఒకదాని వెనుక ఒకటి జరిగినంత మాత్రాన మొదటిదే రెండోదానికి కారణం కాదని కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. ఆ చెప్పే నోరు వేరు, మా అమ్మ కొట్టిన నోరు వేరు అని నాకు అప్పటిదాకా తెలియదు.

పైగా ఆరింటికి ఫోన్‌లో గంట మోగాలని నిర్ణయించిన మీటింగులో నేనూ ఉన్నాను. ఆ వేళకైతే జనం ఇంట్లో ఉంటారు, జవాబులు ఎక్కువ వస్తాయని వాదించింది నేనే. ఐర్లండ్‌లో సంధ్య ఒక పద్ధతిగా రాదు. జూన్‌లో రాత్రి పది దాటినా వెలుగే, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. ఆ దేవతలు ఇక్కడ ఏ వేళకు తిరుగుతారో వాళ్ళకే తెలియాలి. కానీ అక్టోబరులో మాత్రం సరిగ్గా ఆ గంట మోగేవేళకే పొద్దు వాలుతుంది. వంటింటి కిటికీలోంచి ఎదురింటి కప్పు మీద ఎర్రగా కనిపిస్తూ ఉంటుంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి సాయంత్రం నీరసం ఐదు అంది. నేను మూడు పెట్టాను. మర్నాడు లేచి తనే ఉప్మా చేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నొప్పి నాలుగంటే రెండు పెట్టాను. అదీ తగ్గింది. మందు వేసిన వారం బాధ ఎక్కువగా ఉండి, తర్వాతి వారం దానంతటదే తగ్గుతుంది. అందరికీ అంతే. ఆ గ్రాఫు గీత నేనే వందసార్లు గీశాను. అయినా తగ్గింది నేను తగ్గించి పెట్టడం వల్లేనని నాకు లోపల గట్టిగా అనిపించింది. సిగ్గుపడుతూనే నమ్మాను. ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు తను అంకెలు చెప్పడం మానేసింది. నేను అడగడం కూడా మానేశాను. ఎలా ఉంది అనేవాణ్ణి, మంచిగనే ఉన్న అనేది. నేను ఒకట్లూ రెండ్లూ పెట్టేసి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేవాణ్ణి.

అక్టోబరు చివర్లో మందు ఎక్కించుకోవడానికి వెళ్ళినప్పుడు నర్సు మా అంకెలు చూసి చాలా మెచ్చుకుంది. ఆవిడ మంచి మనిషి, పేరు పెట్టి పలకరిస్తుంది, దుప్పటి వేడిచేసి తెచ్చి కప్పుతుంది. "ఇంట్లో నిజంగా ఇంత బాగుంటోందా?" అని మా ఆవిడనే అడిగింది. మా ఆవిడ నా వైపు ఒకసారి చూసి, నర్సుతో "గ్రాండ్" అంది. బతికిపోయాననుకున్నాను. ఎవరు బతికారు, ఎవరు పోయారు, ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను తన్నుకోవాలనిపిస్తుంది.

నవంబరు రెండో వారంలో తనకు ఆయాసం మొదలైంది. పిక్కలో నొప్పిగా ఉందని కూడా ఒకసారి అంది. వేడినీళ్ళ సంచి పెట్టాను. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగేది. చీరలు మడతపెట్టేదల్లా మంచం మీద కూర్చుండిపోయేది. గుర్తించలేదని చెప్పను. చూశాను. చూసి, నీరసం అనుకున్నాను, రక్తం తక్కువైందనుకున్నాను, చలి అనుకున్నాను. శుక్రవారం సాయంత్రం నేను వచ్చేసరికి మూడు దిండ్లు ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. రేపటికి తగ్గకపోతే ఫోన్ చేద్దామని నాలో నేను అనుకున్నాను. కిందికొచ్చి బియ్యం కడిగాను.

శనివారం పొద్దున బాత్‌రూమ్ తలుపు దగ్గర పడిపోయింది.

కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందన్నారు. కీమోలో ఉన్నవాళ్ళకు అది రావచ్చు, ముందే పట్టుకుంటే మందులున్నాయి. ఐసీయూలో గుంటూరులో చదివి వచ్చిన డాక్టర్ ఒకతను ఉన్నాడు. నా పేరు చూసి తెలుగులో పలకరించాడు. "వారం రోజుల్నుంచి ఆయాసంలాంటిదేమైనా ఉందా అన్నా?" అని అడిగాడు.

"పెద్దగా లేదండీ" అన్నాను.

అప్పటికి కూడా నిజం చెప్పలేదు. అప్పుడు చెప్పి ఉపయోగం లేదు, అయినా చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం తను పోయింది. మా అమ్మాయి అప్పుడు సెకండరీ స్కూల్ రెండో ఏడు. యూనిఫాంలోనే వచ్చి తల్లి కాళ్ళ దగ్గర నిలబడింది. ఏడవలేదు. నన్నూ ఏమీ అడగలేదు.

నేను తొందరగానే పనిలోకి వెళ్ళాను. ఇంట్లో ఉండి చేసేదేముంది? అందరూ దయగా ఉన్నారు. ఆఫీసు వంటగదిలో అల్మారా తెరిచి నాకు కప్పు తీసిచ్చి టీ పెట్టేవాళ్ళు. అది చల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చునేవాణ్ణి. నన్ను మళ్ళీ పాత పనిలో వేశారు.

ఆరు నెలలు గడిచాక, టూల్ ముందుగా పసిగట్టలేకపోయిన రోగుల సంగతి తేల్చడానికి కూర్చున్నాం. పేర్లుండవు. వయసు, జబ్బు, రోజులు, అంకెలు, అంతే. లెటర్‌కెన్నీ అమ్మాయి ఒక వరుసను తెర మీద పెట్టింది. సెప్టెంబరులో మొదలు. మొదట్లో ఒక ఎనిమిది. ఆ తర్వాత నవంబరు దాకా ఒకట్లు, రెండ్లు. ఆ తర్వాత ఖాళీ.

"ఈ మనిషి చివరి శుక్రవారం ఊపిరికి రెండు పెట్టింది. మర్నాడు ఐసీయూ" అంది. "అయితే మన టూల్ పనికిరానిదన్నా కావాలి, లేకపోతే ఈవిడ మనకు నిజం చెప్పలేదన్నా అనుకోవాలి. ఈ వరుసను తీసేద్దామా?"

ఈవిడ నిజం చెప్పలేదు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. జీవితంలో మొహమాటానికి కూడా అబద్ధం చెప్పని మనిషి. పోయాక ఆ మాట పడింది, నా మూలంగా.

"ఆవిడ కాదు. ఆ అంకెలు పెట్టింది నేను" అన్నాను. తర్వాత అంతా చెప్పాను. తథాస్తు దేవతల సంగతి ఇంగ్లిష్‌లో చెప్పడానికి ప్రయత్నించి మధ్యలో ఆపేశాను. ఆ అమ్మాయి తెర ఆపేసింది. మేనేజరు నన్ను పక్కకు తీసుకెళ్ళి కొన్నాళ్ళు సెలవు తీసుకోమన్నాడు. వెళ్ళేముందు ఒక్కటి చూడనివ్వమని అడిగాను. నాకు గుర్తున్నంత వరకు అసలు అంకెలు ఎంత ఉండాలో వేసి, టూల్‌ను మళ్ళీ నడిపించమన్నాను. అతను వద్దన్నాడు. నేను వినలేదు.

బుధవారం పొద్దుటికే తను జాబితాలో అందరికంటే పైన ఉంది. పడిపోవడానికి మూడు రోజుల ముందు. నర్సు మొదటి ఫోన్ మా ఇంటికే చేసి ఉండేది.

అక్కడి నుంచి నేరుగా మా అమ్మాయి స్కూలుకు వెళ్ళాను. నాలుగింటికి బయటికొచ్చి, నన్ను చూసి ఆశ్చర్యపోయింది. మామూలుగా బస్సులో వస్తుంది. బ్యాగు వెనక సీట్లో పడేసి పక్కన కూర్చుంది. ఇంటి ముందు కారు ఆపాక తను తలుపు తియ్యబోతుంటే, ఒక్క నిమిషం ఆగమన్నాను.

"అమ్మ ఫోన్‌లో అంకెలు నేనే పెట్టేవాణ్ణి. నిజం పెట్టలేదు. తగ్గించి పెట్టాను" అన్నాను. ఎంతకాలంగానో సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయి, అదొక్కటే మిగిలింది.

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే. "తెలుసు" అంది.

"ఎలా తెలుసు?"

"అమ్మే చెప్పింది. స్కూల్ నుంచి వచ్చాక నేను వేడినీళ్ళు తీసుకెళ్ళేదాన్ని కదా. అప్పుడు అసలు అంకెలు నాకు చెప్పేది. నువ్వు ఇంటికి రాకముందే." తలుపు మీంచి చెయ్యి తీసింది. "నాన్నకు చెప్పకు బిడ్డా, భయపడతడు, అనేది." ఆ ఒక్క మాట మాత్రం తెలుగులో, వాళ్ళమ్మ యాసలోనే చెప్పింది.

నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. నేను ఆ ఎనిమిది నొక్కాక ఆసుపత్రిలో నాలుగు రోజులు ఎలా ఉన్నానో తను చూసింది. నా వేలు ఎటు పోతోందో మొదటిరోజే తెలిసిపోయి ఉంటుంది. ఎవరు ఏం చేసినా తప్పు పట్టుకునే మనిషి, నాది పట్టుకుని, నాకోసం ఊరుకుంది. నేను తనను కాపాడుతున్నాననుకున్నాను. తను నన్ను కాపాడుతూ పోయింది.

"ఊపిరికి ఏడు అని చెప్పినరోజు నేను యాప్‌లో చదివాను" అంది మా అమ్మాయి. "ఊపిరి ఏడుకి చేరితే వెంటనే ఫోన్ చెయ్యమని ఉంది. నంబరు కూడా ఉంది. నేను చెయ్యలేదు. చెప్పనని అమ్మకు మాటిచ్చాను." నా వైపు చూడకుండా అడిగింది. "చేసి ఉంటే అమ్మ ఉండేదా?"

లేదని చెప్పడం చాలా తేలిక. నాలుక చివరిదాకా వచ్చింది. ఆరు నెలలుగా ఈ పిల్ల ఆ ప్రశ్నను మోసుకుంటూ స్కూలుకు వెళ్ళి వస్తోంది, నేను పక్క గదిలోనే ఉన్నాను.

"ఉండేదేమో" అన్నాను. "కానీ చెయ్యాల్సింది నువ్వు కాదు. నేను. నీకు పద్నాలుగేళ్ళు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, నాకు కళ్ళున్నాయి. ఆ తప్పులో నీకు భాగం లేదు. అదంతా నాది."

తను తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. మొహం తుడుచుకుని ఫోన్ తీసింది. అమ్మ చెప్పినవన్నీ ఏ రోజుకారోజు అందులో రాసి పెట్టుకుందట. అసలు అంకెల్ని నేను ఆఫీసులో బుర్ర గోక్కుని ఊహించి వేస్తున్నప్పుడు, అవన్నీ మా అమ్మాయి ఫోన్‌లోనే ఉన్నాయి. చదవమన్నాను. చదివింది. ఊపిరి, సోమవారం ఐదు. మంగళవారం ఆరు. బుధవారం ఏడు. గురువారం ఎనిమిది. ఒక్కొక్కటి వింటుంటే ఆ సాయంత్రం నేనేం పెట్టానో నాకు గుర్తొస్తోంది. నేను ఆఫీసులో ఊహించి వేసినవి కూడా వీటికంటే తక్కువే.

అక్కడితో ఆగిపోయింది.

"శుక్రవారం?" అన్నాను.

"శుక్రవారం రాయలేదు. అమ్మ చెప్పలేదు. మెట్లెక్కి వచ్చి మంచం మీద కూర్చుంది. మాట రావట్లేదు. చేత్తో చూపించింది."

"ఎంత?"

మా అమ్మాయి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, అమ్మ చూపించినట్టే రెండు చేతులూ ఎత్తి, పది వేళ్ళూ చాపి, ఒక బొటనవేలు మడిచింది.